లైన్లో ఉండండి

కరెంటు పోయినందుకు నాకేమీ కోపం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం అది పోకపోతేనే ఎక్కడో ఏదో తేడా జరిగిందని కంగారుపడే తరం మాది. నా కోపమంతా సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే అవతలాయన అన్న ఒక ముక్క మీద. ఆ తర్వాత కరెంటు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆ ముక్క మాత్రం చెవిలోంచి పోనంటోంది.

"లైన్‌మన్ లైన్ మీదున్నాడు సార్, అందుకే లైన్లోకి రావట్లేదు. ఎల్‌సీ తీసుకున్నారు. లైన్ క్లియర్ అవగానే ఇచ్చేస్తాం. ఇంతకీ మీది ఏ లైన్?"

ఒక్క గుక్కలో లైన్ అయిదుసార్లు పడింది. ఎల్‌సీలో ఎల్ కూడా లైనే కాబట్టి ఆరు. ఒకటి ఉద్యోగం, ఒకటి తీగ, ఒకటి సెల్‌ఫోను. చివరిదేమిటో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టని ప్రశ్నకు తెలిసిన జవాబేదో చెప్పెయ్యడం మధ్యతరగతి మర్యాద. పైగా గుంటూరులో పెరిగినవాణ్ణి. మీది ఏ లైన్ అని నిద్రలో లేపి అడిగినా నా నోట వచ్చేది ఒకటే.

"నాలుగో లైనండీ. బ్రాడీపేట."

నేనిప్పుడు ఉంటున్నది గుంటూరుకు ఆమడల దూరంలో, వేరే ఊళ్ళో. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆయన ఎంతో ఓర్పుగా, "లైన్లో ఉండండి సార్" అన్నాడు. ఉన్నాను. సన్నాయి మొదలైంది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, లైన్లోకి వచ్చాడా?" అంది. వాడు రాలేదు, నేనే ఉన్నానన్నాను. "మీరెప్పుడూ అంతే" అంది.

ఇంగ్లీషువాళ్ళ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం 'సెట్' అనేవారు. ఈమధ్య ఆ కిరీటం 'రన్' లాగేసుకుంది. ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయట. సంతోషం, వాళ్ళ లెక్కలు వాళ్ళవి. తెలుగునేల మీద పోటీ పెడితే రన్‌కు డిపాజిట్ కూడా దక్కదు. సెట్‌కు కొంత బలగముంది గానీ అందులో దొంగ ఓట్లు ఎక్కువ. ఈఏపీసెట్, ఐసెట్, ఎడ్‌సెట్, లాసెట్ అన్నీ దాని ఖాతాలో వేస్తే ఎవరొప్పుకుంటారు? అక్కడి సెట్ వేరే సెట్టు. చివరికి మిగిలేది సినిమా సెట్టూ, సెట్ దోశా. లైన్ అలా కాదు. రెండు లైన్ల నోటుబుక్కుతో బడిలో చేరిన రోజు పట్టుకుంటుంది, ఎల్‌ఐసీ క్లెయిము కోసం మన తాలూకు వాళ్ళు లైన్లో నిలబడేదాకా వదలదు.

పుట్టుక చూస్తే మాత్రం పాపం బీద కుటుంబం. లాటిన్ భాషలో అవిసె మొక్కను లీనుమ్ అంటారు. ఆ నారతో పేనిన దారమే లైన్ అయింది. ఆ నారతో నేసిన బట్ట లినెన్. ఆ బట్టను కోటు లోపల వేసి కుట్టారు గనక లైనింగ్. జాకెట్టుకి లైనింగ్ ఎందుకేశావని టైలరుతో తగువు పెట్టుకునే ఆడవాళ్ళకు తాము మాట్లాడుతున్నది లాటిన్ అని తెలియదు. పొట్ట తగ్గుతుందని జనం వేయించి, పొడి కొట్టి, మజ్జిగలో కలుపుకు తాగుతున్న అవిసె గింజలు ఆ మొక్కవే. మా ఇంట్లోనూ ఓ డబ్బాడు ఉన్నాయి. తిన్నాను. నడుము లైను ఎక్కడిదక్కడే ఉంది.

అంత నాజూకు దారం మన దగ్గరికొచ్చేసరికి ఏనుగుల్ని కట్టే మోకు అయిపోయింది. గీత, బారు, వరుస, తీగ, దారి, పంక్తి, పాదం అని మనకు ఎవరి పని వాళ్ళు చేసుకునే మాటలుండేవి. అన్నిటికీ స్వచ్ఛంద పదవీ విరమణ ఇప్పించి, ఒక్క లైన్ చేతిలో ఊరంతా పెట్టేశాం. పద్యంలో పాదం కూడా లైనే. ఆ మధ్య ఒక కవిసమ్మేళనంలో "ఈ లైను మళ్ళీ చదువుతున్నాను" అని కవిగారు ప్రతి లైనుకూ అన్నారు. వెనకాల కూర్చున్నవాళ్ళు లైన్ కట్టి బయటికి వెళ్ళారు.

పెళ్ళిసంబంధాల దగ్గర చూడండి. "అబ్బాయి ఏ లైనండీ?" అంటారు. "సాఫ్ట్‌వేర్ లైను" అంటే మొహాలు విప్పారతాయి. "సినిమా లైను" అంటే కాఫీ కప్పులో కాఫీ సగానికి ఆగిపోతుంది. "ఇంకా లైన్లో సంబంధాలేమైనా ఉన్నాయా?" అని బేరానికి ఓ రాయి విసురుతారు. ఇంత లైను భాష మాట్లాడిన పెద్దమనిషే, "మా వాడు ఊరంతా లైన్లు వేస్తుంటాడండీ, పర్మనెంటు ఉద్యోగం" అని అవతలివాళ్ళు చెబితే ఉలిక్కిపడతాడు. వీధి మొగలో బైకు మీద కూర్చుని వేసేదీ లైనే, స్తంభమెక్కి వేసేదీ లైనే. మొదటిదానికి జీతం లేదు, ప్రాణభయం అమ్మాయి అన్నల వల్ల మాత్రమే. రెండోది మగవాళ్ళ సొత్తని చాలాకాలం అనుకున్నాం. లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్ళు పనికిరారంటే తెలంగాణలో అమ్మాయిలు హైకోర్టుకెళ్ళి, స్తంభమెక్కే పరీక్షలో నెగ్గి, 2021లో ఉద్యోగంలో చేరి చూపించారు. లైన్ వేసే హక్కు కోసం ఆడపిల్లలు కోర్టుకెక్కిన దేశం ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి.

సినిమావాళ్ళ లైను వేరు. నా దగ్గర ఓ కథ ఉందని తెలిసి ఒక దర్శకుడు కబురు పెట్టాడు. కథ చెబుదామని గొంతు సవరించుకుంటే, "కథ వద్దు సార్, లైన్ చెప్పండి" అన్నాడు. మూడు నిమిషాల్లో చెప్పాను. "లైన్ బాగుంది" అన్నాడు. ఇంటికొచ్చి పాయసం చేయించాను. ఆ పరిశ్రమలో లైన్ బాగుందంటే కథ బాగాలేదని అర్థమని తర్వాత తెలిసినవాళ్ళు చెప్పారు. కథ నిజంగా బాగుంటే లైన్ గురించి మాట్లాడరట, ఫోనెత్తడం మానేస్తారట.

పార్టీల సంగతి సరేసరి. నాయకుడు లైన్ దాటాడని నోటీసులిస్తారు, దాటినవాడు ఆ లైన్ గీసింది తనేనంటాడు. కమ్యూనిస్టుల్లోనైతే లైన్ అన్నది వేదంలో స్వరం లాంటిది, ఒక్కటి తప్పినా కొత్త శాఖ పుడుతుంది. 1964లో పార్టీ రెండుగా చీలిన నాటి నుంచీ మా నాన్నగారి స్నేహితులిద్దరు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని ఎవరి లైను సరైనదో వాదించుకునేవారు. ఇద్దరూ ఒకే పాలవాడి దగ్గర పాలు పోయించుకునేవారు, అప్పు పెట్టే లైను మాత్రం ఇద్దరిదీ ఒకటే.

డెడ్‌లైన్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఈ వ్యాసానికీ ఒకటి ఉంది. అమెరికాలో అంతర్యుద్ధం నాడు, 1864లో, ఆండర్సన్‌విల్ అనేచోట ఖైదీల శిబిరం పెట్టారు. గోడకు ఇవతల ఓ కర్రల దడి లాంటిది కట్టి, దాన్ని దాటినవాణ్ణి అడగకుండా కాల్చేసేవారు. ఆ దడి పేరు డెడ్‌లైన్. ఆ మాట అక్కణ్ణించి పత్రికాఫీసుల్లోకి వచ్చిందంటారు. మా సంపాదకుడు ఇంకా కాల్పులదాకా రాలేదు గానీ, వారం వారం ఫోన్లో "లైన్లోనే ఉన్నారా?" అని అడిగే గొంతులో తుపాకీ చప్పుడు లీలగా వినిపిస్తుంది.

సరే, మీది ఏ లైన్ అన్న ప్రశ్న దగ్గరికొద్దాం. నేను బ్రాడీపేట అనడం ఎందుకు సహజమో గుంటూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళకు చెప్పాలి, ఈ కథలో కరెంటు ఎలాగూ ఇంకా రాలేదు.

ఊళ్ళలో వీధులుంటాయి. వీధికి ఓ పేరుంటుంది. రామాలయం వీధి, కరణంగారి వీధి, గాంధీ వీధి. గుంటూరులో బ్రాడీపేటకు, అరండల్‌పేటకు వీధులు లేవు, లైన్లున్నాయి. ఒకటో లైను, రెండో లైను, మూడో లైను. ఆ లైన్లను నిలువుకోసి పోయేవి అడ్డరోడ్లు. వాటికీ అంకెలే. కాబట్టి గుంటూరు మనిషి చిరునామా ఓ భిన్నం. పైన లైను, కింద అడ్డరోడ్డు. "ఎక్కడుంటారండీ?" "నాలుగు బై పద్నాలుగు." ఇంకేం చెప్పక్కర్లేదు. రిక్షావాడు ఎక్కు అంటాడు. లెక్కల మీద ఇంత నమ్మకంతో కట్టిన పేట ఇంకోటి నేను చూడలేదు.

చిక్కల్లా లెక్కలు వచ్చినవాళ్ళతోనే. మా పెద్దమ్మగారిది నాలుగు బై పద్నాలుగు. ఒకసారి మా ఇంటికి తెనాలి నుంచి లెక్కల మాస్టారు, దూరపు చుట్టం, వచ్చారు. చీటీ మీద 4/14 అని రాసిచ్చి పంపారు ఆయన్ని. ఆయన మనసు ఊరుకుంటుందా? రిక్షాలో కూర్చునేలోపే పైనా కిందా రెండుతో కొట్టేశారు. రెండు బై ఏడు వచ్చింది. అక్కడికి పోనిమ్మన్నారు. బ్రాడీపేటలో రెండు బై ఏడు అనేది నిజంగా ఉంది, అక్కడ ఎవరింటికో వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, "మీ పెద్దమ్మాయి ఏదమ్మా?" అని అడిగారట. ఆ ఇల్లాలు కూడా మర్యాదస్తురాలు, ఎవరో తెలియకపోయినా రెండోసారి మజ్జిగ పోసింది. గుంటూరులో భిన్నాలను సూక్ష్మీకరించకూడదని ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయలేదు, రాయాలి.

తలకిందులు చేసినా ప్రమాదమే. ఏడు బై నాలుగుకీ, నాలుగు బై ఏడుకీ ఆమడ తేడా. పెళ్ళికార్డు మీద వేదిక కింద 4/7 అని అచ్చేస్తే, పొరుగూరి బంధువులు దాన్ని తారీఖనుకుని జులై నాలుగున దిగుతారు. పెళ్ళి మేలోనే అయిపోయి ఉంటుంది. పేట పేరు రాయడం మరిచిపోతే మరీ ఘోరం, నాలుగో లైను బ్రాడీపేటలోనూ ఉంది, అరండల్‌పేటలోనూ ఉంది. శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి ఏ నాలుగో లైనా అని తలపట్టుకున్నవాళ్ళను రోజూ చూసేవాళ్ళం. వాళ్ళకు దారి చెప్పడం మా ఊళ్ళో కుర్రాళ్ళకు ఉద్యోగం వచ్చేదాకా ఉద్యోగం.

మా బాబాయ్ ప్రేమకథ కూడా ఈ లైన్ల మీదే నడిచింది. ఆయన ఉండేది నాలుగో లైన్లో. లైన్ వేసింది ఆరో లైన్లో అమ్మాయికి. మధ్యలో అయిదో లైన్లో ఆ అమ్మాయి మేనమామ ఉండేవాడు. టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టరు. ఆరో లైన్ వాళ్ళింట్లో ఫోనుంది, నాలుగో లైన్లో మా ఇంటి పక్క మందుల షాపులో ఫోనుంది. బాబాయ్ మందుల షాపుకెళ్ళి లైన్ కలుపుకుని, అవతల ఎవరెత్తినా "రాంగ్ నంబరు" అనేవాడు, అమ్మాయి ఎత్తితే మాత్రం రాంగ్ నంబరనకుండా దగ్గేవాడు. కొన్నాళ్ళకు అయిదో లైన్ మేనమామకు అనుమానమొచ్చింది. ఓ రోజు స్తంభమెక్కి మరీ విన్నాడంటారు. మందుల షాపు ఫోను లైను అర్ధంతరంగా పోయింది, వర్షాకాలం వెళ్ళినా బాగుకాలేదు. "లైన్ ప్రాబ్లం" అని రాసి పెట్టారు. ఆ రెండు మాటల్లో అంత నిజం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పిన్ని ఎవరంటారా? అరండల్‌పేట, పన్నెండో లైను. ఆరో లైన్లో దొరకనిది పన్నెండో లైన్లో దొరికింది, అది కూడా సూక్ష్మీకరణే అని మా లెక్కల మాస్టారు పెళ్ళిలో అన్నారు. అప్పటికీ ఆయనకు బుద్ధి రాలేదు.

ఇంకొక్కటి చెప్పి ఈ ఊరు వదిలేస్తాను. ఆ పేటల్లో బోర్డులు చూడండి. ఒకే వీధిలో ఒక డాక్టరు ఇంగ్లీషు బోర్డు మీద 'లైన్' అని ఉంటుంది, ఎదురుగా ఉన్న దంతవైద్యుడి బోర్డు మీద 'లేన్' అని ఉంటుంది. కొందరు ఐ పెట్టారు, కొందరు ఏ పెట్టారు. లేన్ అంటే సందు. తన వీధిని సందు అని ఒప్పుకునే గుంటూరువాడు లేడు గనక తెలుగులో మాత్రం అందరిదీ లైనే. ఆ అలవాటే ఊరు దాటి జాతీయ రహదారి మీదికి పాకింది. నాలుగు లేన్ల రోడ్డు తెలుగులో ఎక్కడా లేదు, అన్నీ నాలుగు లైన్ల రోడ్లే. ఆరు లైన్లన్నా అంతే. అంత వెడల్పు రోడ్డు వేసి మూడు లైన్ల మీద లారీలు ఆపుకుంటారు. మిగిలిన లైన్లో ఎదురుగా ట్రాక్టరొస్తుంది. ట్రాక్టరువాడికి లైనూ లేదు, లేనూ లేదు.

ఇక్కడిదాకా వచ్చాం కాబట్టి అసలు కోపం చెప్పేస్తాను. ఆ ఫోనాయన, "ఎల్‌సీ తీసుకున్నారు, లైన్ క్లియర్ అవగానే ఇచ్చేస్తాం" అన్నాడు గదా. ఎల్‌సీ అన్నా లైన్ క్లియరే! అంటే లైన్ క్లియర్ తీసుకున్నారట, లైన్ క్లియర్ అవగానే కరెంటిస్తారట. చెప్పినవాడికి అందులో తేడా ఏమీ కనబడలేదు. ఇలాంటి మాటతో ఏ మనిషైనా ఎలా పని చేసుకుంటాడు?

పేపరువాళ్ళకు లైన్ క్లియర్ అంటే ఫైలు మీద సంతకం పడిందని. ఫలానా పోస్టుల భర్తీకి లైన్ క్లియర్, ఫలానా వంతెనకు లైన్ క్లియర్. శీర్షిక ఎంత పెద్దదైతే వంతెన అంత ఆలస్యం. వీధి మొగలో కుర్రాళ్ళకు లైన్ క్లియర్ అంటే అమ్మాయి అన్న ఊళ్ళో లేడని. రైల్వేలో లైన్ క్లియర్ అంటే ముందున్న స్టేషన్ దాకా దారి ఖాళీగా ఉంది, బండి పంపొచ్చు అని. అంటే పట్టాల మీదున్నవాడు తప్పుకోవాలి. కరెంటు శాఖలో లైన్ క్లియర్ అంటే సరఫరా ఆపేశాం, తీగ పట్టుకోవచ్చు అని. అంటే కిందున్నవాడు పైకెక్కొచ్చు. ఒక శాఖలో 'వస్తోంది, జాగ్రత్త' అని అర్థమైన మాటకు, ఇంకో శాఖలో 'పోయింది, భయం లేదు' అని అర్థం.

రైల్వేవాళ్ళు మాత్రం ఈ మాటను నోటికి వదిలెయ్యలేదు. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. అందుకని వెనకటికి స్టేషన్ మాస్టరు గదిలో నీల్స్ టోకెన్ అనే ఇనప యంత్రం ఉండేది. ముందు స్టేషన్ వాళ్ళు లైన్ క్లియర్ ఇస్తేనే ఇక్కడి యంత్రం ఒక ఇనప బంతిని బయటికి వదిలేది. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద రింగుకి తగిలించి, పోర్టరు చెయ్యెత్తి నిలబడితే, పోతున్న ఇంజన్లోంచి డ్రైవరు చెయ్యి దూర్చి అందుకునేవాడు, పాత రింగు ప్లాట్‌ఫారం మీదికి విసిరేవాడు. ఆ బంతి అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా ఇంకో బంతి రమ్మన్నా రాదు. మాస్టరుగారు తొందరపడినా, మంత్రిగారు ఫోన్ చేసినా రాదు. చిన్నప్పుడు ఆ రింగు కోసమే స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు చాలాచోట్ల ఆ బంతి పోయింది, వేరే ఏర్పాట్లొచ్చాయి. ఉద్దేశం మాత్రం మారలేదు, మనిషి మాట మీద బండి కదలకూడదు.

స్తంభం దగ్గర బంతి లేదు. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫలానా ఫీడర్‌కు ఎల్‌సీ కావాలంటాడు. అక్కడి ఆపరేటరు బ్రేకరు తీసి, రిజిస్టర్లో రాసుకుని, ఇచ్చానంటాడు. తీగల్లో కరెంటు లేదని పరీక్షించుకుని, ఎర్తింగ్ రాడ్లు తగిలించి, అప్పుడు ఎక్కాలి. దిగాక ఎల్‌సీ తిరిగిచ్చేయాలి. పుస్తకంలో పద్ధతి బాగానే ఉంది. ఎర్తింగ్ రాడ్లు అన్ని బండ్లలోనూ ఉండవు. గ్లవ్స్ ఉంటే ఒక చేతికుంటాయి. చాలాచోట్ల పైకెక్కేది లైన్‌మన్ కూడా కాదు, ఆయన వెంట తిరిగే కాంట్రాక్టు కుర్రాడు. వాడి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు. "ఏ లైన్?" అని అటునుంచి అడుగుతారు. "ఆ లైనే" అని ఇటునుంచి చెబుతారు. పక్క ఫీడరు తీస్తారు. లేకపోతే డ్యూటీ మారిన ఆపరేటరు రిజిస్టర్ చూడకుండా స్విచ్చేస్తాడు.

జిల్లా ఎడిషన్లో లోపలి పేజీలో, అడుగున, వేలెడంత వార్త ఉంటుంది. 'ఎల్‌సీ తీసుకున్నా సరఫరా, విద్యుత్ కార్మికుడి మృతి.' ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు అని ఆఖరి వాక్యం. దానికి పైనే, అదే పేపర్లో, ఏదో ఒకదానికి లైన్ క్లియర్ అని పెద్దక్షరాలుంటాయి. నేను చాలాకాలం ఆ పెద్దక్షరాలే చదివాను.

ఆ వేళ నేను ఫోన్ చేసినప్పుడు మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్తంభమ్మీద ఒక కుర్రాడున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. హెల్మెట్ స్తంభం కింద, సైకిలు హ్యాండిల్‌కి తగిలించి ఉంది. కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన సెల్లులో ఎవరినో "హలో, హలో" అంటున్నాడు, సిగ్నల్ అందక నాలుగడుగులు అటూ, నాలుగడుగులు ఇటూ నడుస్తున్నాడు. మా అపార్ట్‌మెంట్లో సెక్రటరీగారు, మూడో అంతస్తు రిటైర్డు హెడ్మాస్టరుగారు, నేను, ఇంకా ఎందరో, ఎవరికి వాళ్ళం ఆ సబ్‌స్టేషన్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాం. ఎప్పుడిస్తారు, ఎంతసేపు, మీ ఏఈ నంబరివ్వండి, పైవాళ్ళకు చెబుతాం. ఆ పెద్దాయన అందుకోలేకపోతున్న లైన్ అదే. మా ఫోన్లతో నిండిపోయి ఉంది.

కాబట్టి చదువుతున్నవాళ్ళకు ఒక విన్నపం. కరెంటు పోతే ఒక్కసారి ఫిర్యాదు చేయండి, నంబరు రాసుకోండి, ఊరుకోండి. ఎల్‌సీలో ఉందని చెబితే మళ్ళీ ఫోన్ చేసి తొందరపెట్టకండి, ఆ లైను పైనున్నవాడికి కావాలి. ఇంట్లో జనరేటరుంటే చేంజోవర్ స్విచ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోండి. అది లేకపోతే మీ జనరేటరు కరెంటు వెనక్కి తీగల్లోకి పోతుంది, సబ్‌స్టేషన్ వాళ్ళు ఎంత శుద్ధంగా లైన్ క్లియర్ ఇచ్చినా లాభం లేదు. స్విచ్ ఖరీదు పెద్దదేమీ కాదు, బిగించడానికి గంట పట్టదు.